రాతికింది నీళ్లు

ఏకాంబరయ్యగారు ప్రశ్నకు జవాబు చెప్పేవారు కారు. చెప్పులు వేసుకునేవారు.

ఆ వేసవి గురుకులంలో చేదబావి అడుగంటింది. ముప్పై ఆరుమంది పిల్లలకు రోజుకు పన్నెండు బిందెలు మిగిలాయి. లెక్కల్లో చురుకైన శిష్యుడు గంగాధరం, మూడువందల అడుగుల లోతున రాతికింద తరగని నీళ్లున్నాయని తేల్చి, మర్నాటికి బోరుబండి మాట్లాడాడు. గురువుగారు వద్దన్నారు.

"ఎందుకయ్యగారూ? ప్రాణంలేని రాయి మనల్నేం చేస్తుంది?"

ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ గుట్ట వెనక ఊరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కుక్క కూడా మొరగలేదు. అరుగులమీది మనుషులు ఒక్కొక్కరే లేచి, తలలు వంచుకుని నిలబడ్డారు. ఇంత వినయం గంగాధరం ఏ ఊళ్లోనూ చూడలేదు. పొంగిపోయి తానూ చేతులు జోడించి వంగాడు.

అతను తిరిగి నడుమెత్తాడు. వాళ్లు ఎత్తలేదు.

గోడ పట్టుకుని ఒకామె చెంబుతో వచ్చింది. మెడ తిరగక ఒళ్లంతా తిప్పి, కళ్లు మాత్రం పైకెత్తి నవ్వింది. పళ్లనిండా గోధుమరంగు చారలు.

"వంగుడు చాలు బిడ్డా, ఎక్కిరిస్తున్నవనుకుంటరు. ఎండల వచ్చిండ్రు, తాగుండ్రి. మా బోరు పడి ముప్పై ఏండ్లు. ఒక్కనాడు ఎండిపోలే."

"నీకెన్నేళ్లు, అవ్వా?"

"అవ్వనా! ముప్పై ఎనిమిది. అక్కనైత నీకు."

అందరూ నవ్వారు. ముఖాలు కిందికే ఉన్నాయేమో, ఆ నవ్వు నేలలోంచి వచ్చినట్టుంది.

"లోపలి రాయి నీళ్లల్ల కరిగి మా బొక్కలల్ల, ఎముకలల్ల చేరిందట. డాక్టరు చెప్పిండు," అందామె, వాన పడిందని చెప్పినంత మామూలుగా. "ఒక్క చెంబుకు ఏంగాదు తియ్యి."

గంగాధరం లెక్క ఆగలేదు. బోరు పడ్డనాడు ఈమెకు ఎనిమిదేళ్లు. గురుకులంలో అందరికన్నా చిన్నవాడికీ ఎనిమిదే.

చెంబులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అతని చెయ్యి ముందుకు రాలేదు. ఇచ్చిన నీళ్లు కాదనడం మర్యాద కాదని గురువుగారే అందుకుని, ఒక గుక్క తాగి, ఆమెకు దణ్ణం పెట్టారు.

గుట్ట దిగుతుంటే గంగాధరం అన్నాడు: "బండి రావద్దని కబురు పెడతాను. కానీ పన్నెండు బిందెలు చాలవయ్యగారూ. దూరపు చెరువునుంచి మోసినా ఇరవై దాటవు."

"చాలవు. వానదాకా దప్పికతోనే ఉందాం," అన్నారు ఏకాంబరయ్యగారు. కాలికింది బండను ఒకసారి చూసి, అడుగు పక్కకు వేశారు. "తొందర మనకే నాయనా. దానికి లేదు."