ఆఖరి ఓటు కోసం నలుగురు అన్నదమ్ములు

గంగాడపాలెంలో పోలయ్య, గవరయ్య, సూరయ్య, బోడెయ్య అని నలుగురు అన్నదమ్ములుండేవాళ్ళు. ఊళ్ళో తెలివంతా తమ ఇంటి చూరు కిందే మకాం పెట్టిందని వాళ్ళ గట్టి నమ్మకం. వాడితే అరిగిపోతుందని ఎవరికీ సలహాలు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. కాలం చేసిన పెద్దన్న భార్య, చిన్నప్పటినుంచీ వాళ్ళని సాకిన వదిన పైడమ్మకి మాత్రం అసలు సంగతి తెలుసు. తెలిసి కూడా ప్రేమగానే చూసుకునేది, అదీ ఆవిడ గొప్ప.

వాళ్ళ వీధి బోరింగు చెడిపోయి ఏడాదైంది. మైలు దూరం నుంచి బిందెలు మోసి మోసి పైడమ్మ నడుం పట్టేసింది. వార్డు మెంబరు సింహాచలం ఎన్నిసార్లడిగినా రేపు చూద్దామనేవాడు. ఆవిడకి ఒళ్ళు మండి, ఈసారి తనే మెంబరుగా నిలబడింది.

పోలింగు రోజు తెల్లారే తన ఓటు తను వేసొచ్చి, మరుదుల్ని లేపింది.

"లెగండ్రా! ఒంటిగంటకి తలుపులు మూసేత్తారు. నా గుర్తు స్టూలు, సింహాచలానిది గొడుగు. మర్చిపోకండి."

పోలయ్య ఆవులించాడు. "ఏటి లాభం వదినా? వార్డులో మూడొందల ఓట్లున్నాయి. నా ఒక్కడి ఓటు పడకపోతే ఏటైపోద్ది? ఆ పూటకి చేలో శెనక్కాయలు పీక్కోవచ్చు."

దారిన పోతున్న బడిపంతులు ఆ మాట విన్నాడు. "అలా అనకు పోలయ్యా. ఒక్క ఓటుతో గెలిచినవాళ్ళున్నారు. గెలిపించే ఆ ఓటు నీదే కావచ్చు," అని తన దారిన తాను పోయాడు.

అంతే! నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"గెలిపించే ఓటు ఒక్కటేనంట్రా!" అన్నాడు గవరయ్య.

"మరి మిగతావన్నీ?" అన్నాడు సూరయ్య.

"దండగ. అందరూ ఏసేశాక ఆఖర్న పడిందే గెలిపించే ఓటు. ఎన్ని మెట్లెక్కినా ఆఖరి మెట్టు దాటితేనే కదేటి మేడ!"

ఇంకేముంది, పోలింగు జరిగే బడి దగ్గరికెళ్ళి వరసలో చివర నిలబడ్డారు. వెనక ఎవరొచ్చినా, "మీరు పదండి, మాకు తొందర్లేదు," అని ముందుకి తోసి, మళ్ళీ చివరికి చేరారు. పది గంటలకి వరస ఖాళీ అయింది. ఆఫీసరు రమ్మని పిలిచాడు.

"ఇంకా ఎవరైనా మిగిలారా బాబూ?" అనడిగాడు సూరయ్య.

"ఓ ఏడుగురు రాలేదు."

అంతే! నలుగురూ ఆ ఏడుగురి కోసం ఊరి మీద పడ్డారు. ఆ ఏడుగురూ సింహాచలం మనుషులే. వాడెలాగూ గెలుస్తాడు, మనమెందుకని ఇంట్లో కూర్చున్నారు. సూరయ్య ఒకడి గేదె పాలు పితికిపెట్టి వాణ్ణి పంపించాడు. సింహాచలం అత్తగారికి కాలు బెణికిందంటే, బోడెయ్య ఆవిడని భుజాన వేసుకుని బడిదాకా మోశాడు. సింహాచలం మురిసిపోయి నలుగురికీ సోడా తాగించాడు. "పాపం, భయపడిపోనాడు," అనుకున్నారు వీళ్ళు.

ఏడు ఓట్లూ పడ్డాయి. ఇక మిగిలింది వీళ్ళు నలుగురే.

"పెద్దోడివి, నువ్వెళ్ళు అన్నియ్యా," అని బోడెయ్య పోలయ్య వెనక నిలబడ్డాడు.

"చిన్నోడివి, నువ్వే ఎళ్ళు," అని పోలయ్య వాడి వెనక్కెళ్ళాడు. పోలయ్య వెనక గవరయ్య, గవరయ్య వెనక సూరయ్య, మళ్ళీ బోడెయ్య. అలా ఒకడి వెనక ఒకడు చేరుతూ చేరుతూ బడి గేటు దాటారు, రోడ్డు దాటారు, వీధి దాటారు. చివరికి తమ ఇంటి అరుగెక్కారు. బోడెయ్య వీపు గోడకి తగిలింది.

"నా ఎనకాల గోడే! నేనే ఆఖరు!" అని వాడు గంతులేశాడు. అప్పుడే బడిలో ఒంటిగంట కొట్టారు.

సాయంత్రానికి లెక్క తేలింది. పైడమ్మ మూడు ఓట్లతో ఓడిపోయింది. అరుగు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మీ నాలుగూ పడుంటే ఒక్క ఓటుతో గెలిచేదాన్ని కదరా! రేపట్నించి మళ్ళీ ఆ మైలు నడవాల!"

"చూశావా, పంతులు చెప్పినట్టే ఒక్క ఓటు!" అని మురవబోయిన పోలయ్య, వదిన కన్నీళ్ళు చూసి నిజంగానే కరిగిపోయాడు. "ఏడవకు వదినా. మా ఓట్లు ఎక్కడికీ పోలేదు, మా దగ్గిరే ఉన్నాయి. ఇప్పుడేసేత్తాం!"

గబగబా కేలెండరు కాగితం నాలుగు ముక్కలు చేశారు. ఒక్కొక్కడూ తలుపు చాటుకెళ్ళి బొగ్గుతో గుర్తు గీశాడు. ఈసారి తగువు రాకుండా నాలుగు చేతులూ ఒక్కసారే కుండలో పెట్టి కాగితాలు వదిలారు. పైడమ్మకి ఏడుపులోనూ కాస్త నవ్వొచ్చింది. ఊళ్ళో ఓడినా ఇంట్లోనైనా గెలుస్తున్నాను కదా అనుకుంటూ కుండ బోర్లించింది.

గొడుగు. గొడుగు. గొడుగు. గొడుగు.

"ఒరే, సింహాచలానికేశారేట్రా!"

"మరేటి వదినా!" అన్నాడు పోలయ్య. "పొద్దున్నించీ ఎండన పడి కాపాడుకున్న ఓట్లు. ఓడిపోయినోళ్ళకేసి దండగ చేసుకుంటామేటి?"