ఆరనివ్వని కుండ

అనగా అనగా, సారె తిరిగితేనే పొయ్యి వెలిగే ఇల్లొకటి. అందులో కుమ్మరి ఓబన్న, భార్య సుంకమ్మ, ఏడేళ్ళ కూతురు ఈరమ్మ ఉండేవారు. మట్టి మోయడానికి ఒక గాడిద కూడా ఉండేది.

ఓబన్న సారె మీద కుండ చేస్తే, సుంకమ్మ చెక్కతో తట్టి దానికి అడుగు కట్టేది. ఒకనాడు ఒక కుండ తట్టి పక్కన పెట్టి, ఒళ్ళు కాలుతోందని పడుకుంది. మూడో రోజుకు కన్నుమూసింది.

ఆ పచ్చికుండ మీద ఆమె వేళ్ళ గుర్తులున్నాయి. అది ఆరిపోతే ఆమె పనీ అయిపోయినట్టేనని ఓబన్నకు భయం. అందుకని తడిగుడ్డ కప్పాడు. గుడ్డ ఎత్తి చూసే ధైర్యం లేక, రోజూ పైనుంచే నీళ్ళు చల్లేవాడు.

పన్నెండో రోజున ఊరిపెద్ద వచ్చాడు. "కర్మ అయిపాయ గదా ఓబన్నా, పోయినోళ్ళతో పోతామా? రేపట్నుంచి సారె పట్టు" అన్నాడు. చెప్పి, ఇంటికెళ్ళి సుబ్బరంగా భోంచేశాడు.

ఏడాది గడిచింది. సారె తిరగలేదు. ఓబన్న కూతురితో పలకలేదు. ఆ పిల్ల పక్కింటివాళ్ళు పెట్టింది తిని, వాకిట్లో ఒంటరిగా కూర్చునేది. అప్పుడు ఓబన్న మేనత్త వచ్చి, "మరిచిపో నాయనా. ఆ కుండ ఎండలో పడెయ్" అంది. ఓబన్న తలుపు వేసుకున్నాడు.

చివరికి గాడిద నోరు తెరిచింది. చెప్పింది గాడిదే అయినా మాట మంచిదే, వినండి.

"ఓబన్నా, పచ్చికుండను ఎండలో పెడితే?"

"పగులుతుంది."

"అందుకే వాళ్ళ మాట నువ్వు వినలేదు. అది తప్పు గాదు. మరి ఎప్పుడూ తడిలోనే ఉంచితే?"

ఓబన్న గుడ్డ ఎత్తి చూశాడు. కుండ ఒక పక్కకు కుంగిపోయింది. వేళ్ళ గుర్తుల్లో ఒక్కటే మిగిలింది. మిగతావి తాను చల్లిన నీళ్ళకే కరిగిపోయాయి. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నీడన ఆరబెట్టాల, నీకు తెలిసిందే" అంది గాడిద. "ఒక్కడివే గాదు, పిల్లనూ పక్కన కూచోబెట్టుకో. ఆ పిల్లకూ అమ్మే గదా పోయింది."

తండ్రీ కూతుళ్ళు కుండను పంచలో నీడకు చేర్చారు. రోజూ దాని పక్కన కూర్చుని ఈరమ్మ అమ్మ గురించి ఏదో ఒకటి అడిగేది. ఓబన్న చెప్పేవాడు. ఇద్దరూ ఏడ్చేవారు. ఒక్కోసారి నవ్వేవారు కూడా.

కుండ ఆరింది, ఆవంలో కాలింది. వంకర మాత్రం పోలేదు. ఈరమ్మ దాంతోనే నీళ్ళు తెచ్చింది. ఓబన్న ఆ నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుంటూనే సారె తిప్పాడు.

దుఃఖాన్ని తొందరపెట్టి ఎండబెట్టకూడదు, ఆరనివ్వకుండా దాచకూడదు. అయినవాళ్ళ పక్కన, నీడపట్టున, మెల్లగా ఆరనివ్వాలి.