వేన్నీళ్ళ మల్లన్న

ఉసిరికల కొండ మీద వెలసిన మల్లికార్జున స్వామిని ఈ చుట్టుపక్కల అందరూ వేన్నీళ్ళ మల్లన్న అంటారు. కింద ఉసిరికలపాడు నుంచి నూట పన్నెండు మెట్లు. పైన చిన్న రాతి గుడి, గుడి పక్కన పొయ్యి, పొయ్యి మీద రాగి కాగు. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ఆ పొయ్యి ఆరదు. సీసాల్లో చన్నీళ్ళు తెచ్చి, "పోసెయ్యండి పంతులుగారూ, బస్సు వెళ్ళిపోతుంది" అని తొందరపెట్టేవారికి ముందే మనవి: ఇక్కడ అది కుదరదు. ఆ నీళ్ళు కాగాలి, కాస్త చల్లారాలి, అర్చకుడు తన మోచేతి లోపలి వైపు నాలుగు చుక్కలు పోసుకొని చూడాలి. ఆ తరువాతే స్వామికి అభిషేకం.

మరొక ఆచారం ఉంది. గడప దగ్గర అర్చకుడు ప్రతివారినీ "ఇంట్లో మీవాళ్ళకు నీళ్ళు పోసి వచ్చారా?" అని అడుగుతాడు. కొత్తవారు బిత్తరపోతారు. ఇదేం ప్రశ్న అని కోప్పడేవారూ ఉన్నారు. కోపం తరువాత, ముందు కథ వినండి.

పూర్వం ఇక్కడ ఉసిరికలపాడులో పంపాపతి అనే శైవ పండితుడు ఉండేవాడు. మహా వక్త. చూసేవాడూ శివుడే, చూడబడేదీ శివుడే, రెండోవాడు లేడు అని ఆయన చెబుతుంటే జనం నోళ్ళు తెరుచుకొని వినేవారు. "శివుణ్ణి ఎక్కడినుంచో తెచ్చుకోనక్కరలేదు. ఉన్నవాణ్ణి గుర్తుపడితే చాలు" అనేవాడు. మాట బంగారం. అయితే ఆ గుర్తుపట్టడమేదో తనకింకా కాలేదని ఆయన మనసుకు తెలుసు. ఆ బాధతోనే ఒక చలికాలం మండల దీక్ష పట్టి కొండెక్కాడు. నలభై ఒక్క రోజులు కొండ దిగకూడదు. కొండ మీది సెలయేటి నీళ్ళు మోసుకొచ్చి రోజూ లింగానికి అభిషేకం చేయాలి. దిగితే దీక్ష భంగం.

ఇంట్లో ఆయన తండ్రి సంగయ్య పక్షవాతంతో నాలుగేళ్ళుగా మంచాన ఉన్నాడు. జ్ఞాపకం కూడా పోయింది. కన్నకొడుకును చూసి "ఎవరు బాబూ నువ్వు?" అనేవాడు. ఆ మాట పడలేకనే పంపాపతి తండ్రి గదిలోకి వెళ్ళడం మానేశాడు. ఆయనను ఎత్తి కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, బట్ట మార్చేది కోడలు నాగాంబ ఒక్కతే.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మండపంలో పంపాపతికి కునుకు పట్టింది. కలలో లింగం వణుకుతూ, "చలేస్తోంది" అంది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. వెంటనే పొయ్యి రాజేసి, నీళ్ళు మరగకాచి లింగం మీద గుమ్మరించాడు. మరునాడు మళ్ళీ కల. "అబ్బా, కాలిందయ్యా" అంది లింగం. పండితుడు తాళపత్రాలన్నీ తిరగేశాడు. నీళ్ళు ఎంత వేడి ఉండాలో ఏ శాస్త్రంలోనూ లేదు.

నలభయ్యో రోజు పొద్దున్నే నాగాంబ కొండెక్కి వచ్చింది. కుడిచేతికి వెదురు బద్దల కట్టు ఉంది.

"ఏమండీ, బావి దగ్గర జారిపడ్డాను. చెయ్యి విరిగింది. మామయ్యగారికి నీళ్ళు పోసి మూడు రోజులైంది. పక్కంతా తడిసిపోతోంది. ఒంటిచేత్తో ఎత్తలేకపోతున్నాను. ఇరుగుపొరుగును అడిగితే కొడుకున్నాడుగా అన్నారు" అంది.

పంపాపతి కళ్ళు మూసుకున్నాడు. "ఇంకొక్క రోజు ఓర్చుకో నాగాంబా. దేహం అన్నాక తప్పదు. చలీ శివుడే, వేడీ శివుడే."

"అలాగా! మరి ఆ మంచం మీద వణికేదెవరండీ?"

ఆయన లేచి అభిషేకానికి నీళ్ళ బిందె అందుకున్నాడు.

"పోనీ, ఆ మాటేదో మామయ్యగారికి మీరే వచ్చి చెప్పండి. నా నోట రావడం లేదు" అని ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. వణికేదెవరు? పంపాపతి లింగం వైపు చూశాడు. కలలో తాను విన్న గొంతు ఎవరిదో అప్పుడు తట్టింది. ఇంకొక్క రోజు ఆగితే దీక్ష నిండుతుంది. ఆ ఒక్క రోజు తండ్రి చలిలో పడి ఉంటాడు. నీళ్ళ బిందె అక్కడే వదిలేసి ఆయన కొండ దిగాడు.

ఇంట్లో నీళ్ళు కాచాడు. తండ్రిని ఎత్తుకొని పెరట్లో ఎండ తగిలే చోట కూర్చోబెట్టాడు. ముసలాయన గాలికి ఆగేంత బరువు కూడా లేడు. కొడుకు చెంబు ఎత్తబోతే భయపడి ముడుచుకున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

పంపాపతి ఆయన ముందుకు ఒంగి, "నీళ్ళు పోసేవాణ్ణి" అన్నాడు.

"అయితే ముందు మోచేతి లోపల పోసుకొని చూడు బాబూ. అరచెయ్యి మొద్దు, దానికి తెలియదు. మా పంపాపతికి తల్లి లేదు. వాడికి నేనలాగే చూసి పోసేవాణ్ణి. చంటివాడు కదా, ఏమాత్రం చలేసినా ఏడుస్తాడు."

పంపాపతి చెంబు కింద పెట్టి భోరుమన్నాడు. తండ్రి తనను మరిచిపోయాడని ఇన్నాళ్ళూ అలిగి కూర్చున్నాడు. గుర్తుపట్టనిది ఎవరో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకొని, మోచేతి లోపల నాలుగు చుక్కలు పోసుకొని చూసి, మెల్లగా ఆ వీపు మీద పోశాడు.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు సంగయ్య.

అదే వేళకు కొండ మీద మేకలు కాసేవాళ్ళు ఒక వింత చూశారు. గుడిలో ఎవరూ లేరు. అయినా అభిషేకం నీళ్ళు బయటికి పారే రాతి తూములోంచి సన్నటి ధార వస్తోంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

పంపాపతి నలభై ఒకటో రోజు పెరట్లోనే గడిచింది. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆయనే నీళ్ళు పోశాడు. తరువాత కొండ మీద ఈ పొయ్యి కట్టించాడు. ఉపన్యాసాలు మానలేదుగానీ అవి బాగా చిన్నవయ్యాయట.

అప్పటినుంచీ అభిషేకం ముగియగానే అర్చకుడు "సరిపోయిందా స్వామీ?" అని అడిగి, జవాబు వినేవాడిలా ఒక్క క్షణం ఆగుతాడు. ఇంట్లో మంచాన పడినవారు ఉండి, వారికి పోయకుండా వచ్చినవారు వెనక్కి వెళ్ళాలి. వెళ్ళినవారికి దర్శనం అయినట్టే లెక్క. ఈ స్వామిని కొలిస్తే ఫలానా కోరిక తీరుతుందని రాయమని కొందరు అడిగారు. నాకు తెలిసిన ఫలం ఒకటే: మీ ఇంట్లో ఎవరో ఒకరికి చలి తగ్గుతుంది.

ఈ స్థలపురాణం రాస్తున్న నేను ఇక్కడి అర్చకుణ్ణే. నేనూ ఆ ప్రశ్నకు తల దించుకున్నవాణ్ణే. పోయిన కార్తీకంలో మా అమ్మ తుంటి విరిగి మంచాన ఉంది. సోమవారం, జనం ఎక్కువని ఆమెను అలాగే వదిలి పరుగెత్తుకొచ్చాను. కాగు కింద మంట పెట్టే రత్తమ్మ గడపకు అడ్డం నిలబడి, "పంతులుగారూ, అమ్మగారికి పోశారా?" అంది. ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. అంత జనమూ చూస్తుండగానే దిగి వెళ్ళాను. నీళ్ళు పోస్తూ, సరిపోయిందా అమ్మా అంటే, "ఇంకాస్త వెచ్చగా ఉంటే బాగుండేదిరా" అంది. మళ్ళీ కాచాను.

తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది. తిట్లు తప్పవనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ వరుస చాలా చిన్నదైపోయింది. మిగతావారేరి అని రత్తమ్మను అడిగాను.

"మీ వెనకాలే దిగారు పంతులుగారూ, ఇళ్ళకు వెళ్ళారు" అంది.

ఆరోజు పూజ వాళ్ళ పేరుతోనే మొదలుపెట్టాను.