బీరవ్వ గొంగడి తడిసిందా లేదా?

అడవిలోకి సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో సంగతి ఇది. రాళ్లగుట్ట కింద బీరవ్వ అనే నల్లగొర్రె ఉండేది. ఆమె మందలోని గొర్రెలన్నీ ఎండాకాలమంతా తమ ఉన్ని తామే కత్తిరించుకుని, వడికి, చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు నేసేవి. ఎంత వాన కురిసినా ఆ గొంగట్లోకి ఒక్క చుక్క దిగదు. ఆ మాట చెప్పేటప్పుడు బీరవ్వ మెడ దానంతటదే నిక్కేది. నిక్కదా మరి? అది ఆమె ఒంటిమీద పెరిగిన ఉన్ని!

కానీ ఆ ఏడు కోతి ఒకడు ప్లాస్టిక్ వానకోట్లు దించాడు. తొలకరికి పదిరోజులే ఉంది. గొంగళ్లు ఇంట్లో గుట్టగా పడి ఉన్నాయి. ఈసారి మిగిలిపోతే నేత మానేస్తామని పడుచు గొర్రెలు తేల్చి చెప్పేశాయి.

అందుకని బీరవ్వ ఒక వీడియో తీయించింది. గొంగడి కప్పుకుని కూర్చుంటే పైనుంచి మూడు బిందెల నీళ్లు గుమ్మరించారు. గొంగడి తీసి చూపిస్తే లోపల ఒళ్లంతా పొడిపొడిగా ఉంది. ఇక దీన్ని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న.

'అడవితెర' అనే యాప్ నడిపే నక్క సాంబయ్య తోకూపుకుంటూ వచ్చాడు.

"నా తెరమీద పెట్టక్కా. పైసా అడగ. ఎంత పొడుగు పెడ్తవో, ఏడ ఆపుతవో నీ ఇష్టం."

"నాకు సొంత వెబ్‌సైటుంది గద సాంబన్నా?"

"ఉంటే ఉన్నది. ఆడికి ఎవ్వలొస్తరు, నువ్వూ నీ మంద తప్ప? అందరూ నా దగ్గర్నే పెడ్తున్నరు."

మాట గుచ్చుకుంది గానీ, అబద్ధమైతే కాదు. బీరవ్వ ఒప్పుకుంది.

రెండు రోజుల్లో అడవి సగం ఆ వీడియో చూసింది. గొంగడి కోసం మాత్రం ఒక్కరూ రాలేదు. మూడోనాడు మేక లచ్చవ్వ వచ్చింది, చంకలో ప్లాస్టిక్ కోటుతో.

"గిదేందే లచ్చవ్వా! నా వీడియో సూడలేదా?"

"సూసిన వదినె, మస్తుగున్నది. గది అయిపోంగనే కోతి వీడియో దానంతటదే వచ్చె. ఇగ కొనేసిన."

బీరవ్వ ఒళ్లు మండిపోయింది. నేరుగా నక్క దగ్గరికి నడిచింది.

"నా ఎనక కోతిని ఎందుకు పెట్టినవ్?"

"తెర నాదక్కా. నీది అయినంక ఏమొస్తదో నా ఇష్టం. కోతి రోజూ గంపెడు ఈతపండ్లు పంపుతడు. ఇష్టం లేకుంటే తీస్కపో. నీ సైటుల ఈగలు సూస్తయి!"

బీరవ్వ ఇంటికొచ్చి గడ్డి కూడా ముట్టలేదు. అడవంతా గుంపుగా నక్క వెనక పోతూ, గుడ్డిగా పోయేది మాత్రం గొర్రెలని పేరు పెట్టింది! అక్కడే ఆమెకు ఉపాయం తట్టింది. గుంపు ఎప్పుడు, ఎందుకు కదులుతుందో మందలో పుట్టినదానికి తెలిసినంతగా నక్కకేం తెలుసు?

బీరవ్వ నక్క తెరమీది పాత వీడియో తీసేసి కొత్తది పెట్టింది. మూడు బిందెలూ గుమ్మరించడం, గొంగడి తీయబోతూ దాని అంచుమీద బీరవ్వ కాలు వేయడం. అంతే, ఆగిపోతుంది. కింద ఒక్క ముక్క: "లోపల తడిసిందా లేదా? బీరవ్వ సైటుల సూడుండ్రి." తీసి చూపించే ముక్క మాత్రం తన సైటులోనే పెట్టుకుంది. అక్కడ దాని వెనక గొంగళ్లు తప్ప ఇంకేమీ రావు.

"లచ్చవ్వా, అందరికంటే ముందు నువ్వు కదలాలె," అంది.

లచ్చవ్వ వీడియో కింద రాసింది: "నేనొకపాలి సూసిన. నమ్మబుద్ధి గాక మల్ల పోతున్న."

వెంటనే కుందేలు "నేను సుత" అంది. దుప్పి, కొంగ, ముళ్లపంది కదిలాయి. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పనే లేకపోయింది. ఇంతమంది చూస్తున్నారని మురిసిపోయిన సాంబయ్య, దాన్ని తనే అడవిలోని ప్రతి ఫోనులోనూ మొదట కనిపించేలా పెట్టాడు. అది ఆగగానే అందరూ బీరవ్వ సైటుకే పరుగెత్తారు, కోతి వీడియో వచ్చేదాకా ఆగినవాడు ఒక్కడూ లేడు.

కొత్త వీడియో పెట్టిన నాలుగో రోజుకు ఇంట్లో ఒక్క గొంగడి మిగల్లేదు. వచ్చే ఏడుకు కూడా అడిగి పెట్టుకున్నారు. పడుచు గొర్రెలు మళ్లీ ఉన్ని వడకడానికి కూర్చున్నాయి. వాటి మధ్యన బీరవ్వ నడుస్తుంటే చూడాలి, గుట్ట తనదే అన్నట్టు!

సాంబయ్య రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, వీడియో మొత్తం నా తెరమీద్నే పెట్టు. నీ ఎనక ఎవ్వల్నీ రానియ్య, ఒట్టు!"

"ఏమైందన్నా?"

"కోతి పండ్లు బందువెట్టిండు."

అంతలో టపటపా చినుకులు మొదలయ్యాయి. నక్క వణుకుతూ, "ఒక్క గొంగడన్న ఇయ్యక్కా," అన్నాడు.

"అయిపోయినయ్ సాంబన్నా. కోతి దగ్గర కోట్లు మస్తు మిగిలినయంట. బిరాన పో!"

నీతి: జనం ఉన్నచోటికి వెళ్లి పిలువు, సరుకు మాత్రం నీ గడపలోనే చూపించు.