పేరెత్తి పిలిచిన కొండ

మొగలిపట్నం చూడవచ్చే యాత్రికులకు ముందుగా దీపస్తంభం చూపిస్తారు. ఆ తర్వాత ఓడరేవు, ఒలందావారు, అంటే డచ్చివారు, కట్టిన పాత గిడ్డంగి, సాయంత్రానికి బీచి, వేడివేడి బజ్జీలు. మంచిదే, అవన్నీ మా పట్నానికి అందమే. అయితే రేవు ముఖాన, ఓడలు లోపలికి వచ్చే లోతునీటి పక్కన నిలిచిన పిలుపుకొండ ఎక్కకుండా బస్సెక్కినవారు మొగలిపట్నం చూశామని చెప్పుకోవడం, విస్తరి చూసి భోజనం చేశామన్నట్టే. కొండపైన గుడి చిన్నది. గోపురం లేదు. పసుపు పూసిన నిలువెత్తు రాయే పిలుపులమ్మ తల్లి. ఏ గుడిలోనైనా మెల్లగా మాట్లాడమంటారు, ఇక్కడ పూజారే "గొంతెత్తి పిలవండమ్మా!" అని గదమాయిస్తాడు. ఇల్లాళ్లు సముద్రం వైపు తిరిగి తమ భర్తల పేర్లు పెట్టి కేక వేస్తారు. సిగ్గుపడి గొణిగినవారికి తీర్థం ఇవ్వరు.

పూర్వం ఇక్కడ పట్నం లేదు, దీపస్తంభమూ లేదు. అప్పట్లో బోడికొండ అనే ఈ కొండ కింద జాలరిపేట ఒకటే ఉండేది. ఆ పేటలో కొర్లయ్య అనే పడవ సరంగు, అతని ఇల్లాలు పరదేశమ్మ కాపురముండేవారు. ఆ రోజుల్లో ఆడది పెనిమిటి పేరు ఎత్తకూడదు. ఎత్తితే అతని ఆయుష్షు తరుగుతుందని గట్టి నమ్మకం. అందుచేత ప్రతి ఇల్లాలూ భర్తను బిడ్డ పేరుకు 'అయ్య' చేర్చి, ఫలానావాడి తండ్రీ అనే పిలిచేది. చిక్కల్లా ఏమిటంటే, నూకాలమ్మ తల్లికి మొక్కుకొని కన్నవారు కావడంతో, పేటలో సగం మంది మగపిల్లలు నూకరాజులే! ఒక ఆడది "నూకరాజయ్యా!" అని పిలిస్తే వీధి వీధంతా వెనక్కి తిరిగేది. పరదేశమ్మ కొడుకూ నూకరాజే. ఈ తికమకకు అందరితో పాటు ఆమె కూడా కడుపుబ్బ నవ్వుకునేది.

ఒక మాఘమాసంలో ఆ నవ్వు కాస్తా ఏడుపైంది. వేటకు వెళ్లిన పడవలు తిరిగివచ్చే ఉదయం పూట మంచు సముద్రాన్ని కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడదు. ఆడవాళ్లు ఒడ్డు పొడుగునా నిలబడి, "నూకరాజయ్యో! ఇటు రా! ఇటు!" అని గుండెలవిసేలా అరిచారు. నీళ్లమీద ఉన్న నూకరాజుల తండ్రులు, ఎవరికి వారు తన ఇల్లాలే పిలుస్తోందనుకొని, ఏ గొంతు వినబడితే ఆ వైపు తెడ్డు వేశారు. ఒక పడవ ఒడ్డు దగ్గర నీటిలో పొంచి ఉండే పులిరాళ్లకు కొట్టుకొని ముక్కలైంది. అందులోనివారు ఎలాగో ఈదుకొని ఒడ్డున పడ్డారు.

పరదేశమ్మకు అప్పుడు తెలిసివచ్చింది. వాళ్లను రాళ్లమీదికి తోస్తున్నది తమ పిలుపే. ఆమె బోడికొండ ఎక్కింది. దాని కింద లోతునీరు. అటు వస్తే పడవకు ప్రమాదం లేదు. అయితే పిలవవలసిన పేరు ఒక్కటే, అది నోట రాకూడని పేరు. పిలిస్తే ఆయుష్షు తరుగుతుంది, పిలవకపోతే ఇప్పుడే పోతుంది. కొండమీద ఉన్న నిలువెత్తు రాతిని పట్టుకొని, "తల్లీ, తరిగితే నా ఆయుస్సు తరిగించు, ఆడి జోలికెల్లకు!" అని మొక్కి, సముద్రం వైపు తిరిగింది.

"కొర్లయ్యా! ఓ కొర్లయ్యా!"

ఆ కేక వెనకనే మరో కేక లేచింది. అది మారుమోత కాదు. పరదేశమ్మ గొంతు కన్నా పెద్దది, పాతది. కొండే పిలిచిందని చెబుతారు.

ఆ పేరుతో పడవ నడిపేవాడు పేటలో ఒక్కడే. కొర్లయ్య తెడ్డు తిప్పాడు, తన వెంట రమ్మని తోటివారికి కేక వేశాడు. ఒకదాని వెనుక ఒకటిగా పడవలన్నీ కొండ కిందికి చేరాయి. ఒడ్డున అడుగు పెడుతూనే అతను, "ఎవులే నన్ను పేరెట్టి పిలిసింది?" అని అడిగాడు. కొండ దిగి వచ్చిన పరదేశమ్మ చీరచెంగు నోటికడ్డం పెట్టుకొని భోరున ఏడ్చింది.

ప్రాణాలు దక్కిన సంతోషం చల్లారకముందే కులపెద్ద ఆదెయ్య పంచాయతీ పెట్టాడు. "మొగుడి పేరెత్తిన నోటిని ఒగ్గేత్తే రేపు మన ఆడోళ్లంతా పేర్లెట్టి పిలుత్తారు. ఆ ఇంటిని ఎలెయ్యాల" అని వెలి మాట ఎత్తాడు. ఆయన పడవా ఆ పిలుపుతోనే ఒడ్డెక్కిందన్న సంగతి మరిచాడు కాబోలు! పరదేశమ్మ లేచి నిలబడింది. "సచ్చినాక ఊరంతా ఇనేలా ఏడిత్తే తప్పు నేదు గానీ, బతికించుకోడానికి పిలిత్తే తప్పేటి పెద్దాయనా?" అని అడిగింది. తీర్పు సాయంత్రం చెబుతానని ఆదెయ్య ఇంటికి పోయి, అన్నం తిని నడుం వాల్చాడు.

ఆ కునుకులో ఒళ్లంతా పసుపు పూసుకున్న ముత్తయిదువ కనబడింది. "ఆ పేరు నానూ పిలిసాను. నన్నూ ఎలేత్తావేట్రా ఆదెయ్యా?" అని అడిగింది. ఆయన ఉలిక్కిపడి లేచి, చెమటలు కక్కుతూ కల సంగతి భార్య దాలమ్మకు చెప్పాడు. తల నెరిసిన ఆ ఇల్లాలు మారుమాట లేకుండా గుమ్మం దాటి, ఊరంతా చూస్తుండగా కొండ ఎక్కింది. "ఆదెయ్యా!" అని పిలిచింది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమె నోట ఆ పేరు పలకడం అదే మొదలు. తీర్పు చెప్పడానికి అప్పటికే వచ్చి పంచాయతీ అరుగుమీద కూర్చున్న కులపెద్ద ఆ పిలుపు విని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక తీర్పు ఎవరూ అడగలేదు. పరదేశమ్మ, కొర్లయ్య మనవల పెళ్లిళ్లు చేసి, నిండు ఆయుష్షుతో కలిసి పండుముసలివాళ్లయ్యారు.

నేటికీ మొగలిపట్నంలో కొత్తజంట ముందుగా ఈ కొండే ఎక్కుతుంది. ఓడ ఉద్యోగానికి వెళ్లేవారి ఇల్లాళ్లు, మరపడవలవారి ఇల్లాళ్లు ఇక్కడికే వస్తారు. ఇక్కడ పిలిచిన పేరుకు తల్లి కాపు ఉంటుందని, ఆలుమగల మాట ఒకటవుతుందని పెద్దలమాట. సముద్రం నుంచి తిరిగిరానివారి పేర్లు పిలవడానికి వచ్చే తల్లులూ, భార్యలూ ఉన్నారు. వారిని ఎవరూ వారించరు. అటువంటి పేరు వినబడినప్పుడు కొండమీద ఉన్నవారందరూ, ఏ ఊరివారైనా సరే, ఆమెతో కలిసి ఆ పేరును గొంతెత్తి పిలవాలి.