నాయుడుగారికి చేసిన పూజ

అచ్చుపుస్తకాలు పల్లెటూళ్ళకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బొబ్బరవలసలో గవరయ్య, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు సన్యాసి ఒకే ఇంట్లో ఉండేవారు. ఊరు మొత్తానికి బుర్రంటూ ఉన్నది తమ ముగ్గురికేనని వాళ్ళ నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో దాచుకుని, తాము తడుస్తూ ఇంటికొచ్చేవారు. ‘ఇన్నేళ్ళయినా చుక్క నీరు తగలని గొడుగు మాదొక్కటే’ అని పైడమ్మ అందరికీ చెప్పుకునేది.

ఆమెకి ఉన్న దిగులల్లా సన్యాసి పెళ్ళి. తాను కాపురానికొచ్చేసరికి వాడింకా పాకుతున్నాడు. గోరుముద్దలు పెట్టి పెంచింది. ఇప్పుడు మీసాలొచ్చి, అవి పెరిగి, కత్తిరించుకుంటున్నా పిల్లనిచ్చేవాడు లేడు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకో ఆడమనిషి వస్తే బాగుండునని ఆమె ఆశ.

చివరికి గోరింటవలస నుంచి, పెళ్ళీడు కూతురున్న చిన్నంనాయుడు కబురంపాడు. ‘శుక్రవారం వచ్చి ఇల్లూ వాకిలీ, మీ మంచీ మర్యాదా చూసుకుంటాను’ అన్నాడు.

“ఇల్లు ఎదురుగానే ఉంది, చూపిస్తాం. మర్యాద ఎక్కడుందని చూపిస్తామయ్యా?” అంది పైడమ్మ.

గవరయ్య సంతకెళ్ళి వెతికాడు. అక్కడొకాయన పిల్లలకి దైవభక్తి, మంచి నడవడి నేర్పే పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాడు. గవరయ్య ఒకటి తెచ్చాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం అతనికొచ్చు.

“ఇది పిల్లల పుస్తకం కదా, మనింట్లో పిల్లలేరీ?” అంది పైడమ్మ.

“పెళ్ళి కాలేదుగా, నేనున్నాను వదినా” అన్నాడు సన్యాసి.

శుక్రవారం పొద్దున్నే గవరయ్య అరుగు మీద కూర్చుని పుస్తకం తీశాడు. “బాలులారా, ఉదయముననే లేచి మనసును శుభ్రము చేసుకొనుడు.”

“మనసెక్కడుంటుంది?” అన్నాడు సన్యాసి.

“గుండెలోనే” అంది పైడమ్మ. అంతే, చింతపండూ బూడిదా కలిపి, ఇత్తడి బిందె తోమినట్టు వాడి ఛాతీ తోమింది. వాడు కుయ్యో మొర్రో అంటుంటే, “చిన్నప్పటి నుంచీ తోమలేదు కదా నాన్నా, మురికి పట్టేసింది” అని బుజ్జగించింది. కాసేపటికి ఛాతీ కందిపోయి ఎర్రగా మెరిసింది. మనసు తళతళలాడుతోందని ముగ్గురూ సంతోషించారు.

గవరయ్య పేజీ తిప్పాడు. “చెడ్డమాటను చెవిని పడనీయకుడు.”

“పడేదాకా అది చెడ్డదో మంచిదో ఎలా తెలుస్తుంది?” అంది పైడమ్మ. నిజమేననిపించింది. ఇంకేముంది, ఏ మాటా పడకుండా ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. సరిగ్గా అప్పుడే చిన్నంనాయుడు వచ్చాడు. ఎండలో నడిచొచ్చి గుమ్మంలో నిలబడి గొంతు పోయేలా పిలిచాడు. ఎవరూ పలకలేదు. చివరికి గవరయ్య భుజం పట్టి కుదిపాడు.

“కాస్త మంచినీళ్ళివ్వండి” అన్నాడు చిన్నంనాయుడు.

ముగ్గురూ దూది తీశారు. గవరయ్య, “మళ్ళీ చెప్పండి. మంచి మాటైతే వింటాం” అన్నాడు.

నీళ్ళు తేబోతూ పైడమ్మ ఆగింది. “వచ్చినాయనకి ఏం చెయ్యాలో పుస్తకంలో ఉందేమో చూడయ్యా.”

ఉంది. “ఇంటికి వచ్చినవారిని దేవునివలె చూడవలెను.”

అంతే, దేవుడికి ఏం చేస్తారో అన్నీ మొదలెట్టారు. నాయుడుగారిని పీట మీద కూర్చోబెట్టారు. తాగుదామని చెయ్యి చాచిన నీళ్ళు నెత్తిన పోశారు. తర్వాత పాలు, ఆ తర్వాత నూనె పోశారు. మెడలో బంతిపూల దండ వేసి, ముక్కు కింద సాంబ్రాణి పెట్టారు. ఆయన తుమ్ముతూ ఏదో అనబోతే, “దేవుడు మాట్లాడకూడదు నాయుడుగారూ” అంది పైడమ్మ నెమ్మదిగా.

ఆయనకి అప్పటికే ఆకలి దంచేస్తోంది. పులిహోర, బూరెలు విస్తట్లో వచ్చేసరికి మొహం విప్పారింది. పైడమ్మ విస్తరి ముక్కు దాకా తెచ్చి, ఒకసారి అటూ ఇటూ తిప్పి, కళ్ళకద్దుకుని వెనక్కి తీసుకుపోయింది. ముగ్గురూ ఆయనెదుటే కూర్చుని ప్రసాదం తినేశారు.

“మరి నాకో?” అన్నాడు చిన్నంనాయుడు.

“చూపించాం కదా మావా” అన్నాడు సన్యాసి, బూరె నములుతూ.

మూతి తుడుచుకుని వాడే అడిగాడు. “పూజయిపోయింది. మొన్న చవితికి పూజయ్యాక దేవుణ్ణి ఏం చేశాం వదినా?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకేముంది, గవరయ్య ఓ పక్కా, సన్యాసి ఓ పక్కా పీటెత్తారు. పైడమ్మ పళ్ళెం వాయిస్తూ ముందు నడిచింది. పీట మీద నాయుడుగారు కాళ్ళు కొట్టుకుంటున్నా, దేవుడు ఊగుతున్నాడనుకున్నారే గానీ ఆగలేదు. ఊరి పక్కన పారే గెడ్డలో, నడుం లోతు నీళ్ళలో ఆయన్ని ముంచి, మళ్ళీ ఏడాది తొందరగా రమ్మని దణ్ణం పెట్టారు.

చిన్నంనాయుడు నెత్తిన నాచుతో పైకి లేచాడు. దండ తీసి విసిరికొట్టాడు. “మీ ఇంటికి గానీ పిల్లనిస్తే నా పేరు మార్చుకుంటాను” అని, తడిబట్టలతోనే గోరింటవలస దారి పట్టాడు.

గట్టు మీద పైడమ్మ చతికిలపడింది. ఇంత పూజ చేసినా ఆయన కోపంగా వెళ్ళాడు, ఇక సన్యాసికి పెళ్ళెక్కడిదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గవరయ్య మాత్రం ఆలోచిస్తూ నిలబడ్డాడు.

“ఆయన ఏమన్నాడే? పిల్లనిస్తే పేరు మార్చుకుంటాననే కదా. మనకి పిల్లనివ్వడం కోసం తల్లీతండ్రీ పెట్టిన పేరు కూడా వదులుకుంటానన్నాడు. అంతకంటే మంచి సంబంధం దొరుకుతుందా?”

పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. నీళ్ళలోంచి లేచాడు కాబట్టి గంగునాయుడని మార్చుకుని ఉంటాడని ముగ్గురూ తేల్చుకున్నారు. మర్నాడు పసుపూ కుంకుమా, చీరా పళ్ళెంలో పెట్టుకుని గోరింటవలస వెళ్ళారు. ఊరి మొదట్లోనే అరుగు మీద చిన్నంనాయుడు కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూడగానే ఆయన గుండె జారింది.

“గంగునాయుడుగారి ఇల్లెక్కడండీ?” అని అడిగింది పైడమ్మ.

చిన్నంనాయుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “ఆ పేరుగలవాడు ఈ ఊళ్ళో లేడమ్మా. అవతలి ఊళ్ళో అడగండి” అన్నాడు.

ముగ్గురూ ఆయనకి దణ్ణం పెట్టి ముందుకి కదిలారు. కొంత దూరం పోయాక సన్యాసి వెనక్కి తిరిగి చూశాడు.

“వదినా, ఆయన అచ్చం చిన్నంనాయుడు మావలాగే ఉన్నాడు.”

“ఉంటే ఉన్నాడులేరా. చిన్నంనాయుడైతే మనకెందుకు, మనకి కావలసింది గంగునాయుడు” అంది పైడమ్మ. పళ్ళెం చంకకి మార్చుకుని, అవతలి ఊరికి గబగబా నడిచింది.