పలుపు ఎంత పొడవు

సుంకులమ్మ పాలలో నీళ్ళు కలుపుతుందా లేదా అన్నది మా గుండ్లమిట్టలో ఎవరికీ సందేహం లేని విషయం. కలుపుతుందనే అంటారు. మద్దిలేటి మరీ గట్టిగా అంటాడు. అతనిది టీ అంగడి. నీళ్ళ గురించి అతనికి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు.

సందేహం వచ్చింది కొండ మీది విరూపాక్షి ఒక్కడికే.

కొండ మీద నీలకంఠస్వామి ఉంటాడు. ఒకప్పుడు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పేవాడు. భార్య పోయాక పైకెక్కి, ఒక గది వేసుకుని, కాషాయం కట్టాడు. దయ్యం పట్టిందని ఎవరైనా వెళితే, "ఎన్నిసార్లు పట్టింది? పట్టని రోజులెన్ని?" అని అడుగుతాడు. అందుకే ఎవరూ వెళ్ళరు. ఉన్నది ఒక శిష్యుడు, ఈ విరూపాక్షి. డెయిరీలో పాలు పరీక్షించే ఉద్యోగం వదిలి వచ్చాడు. సర్వం వదిలేశానని చెబుతాడు గాని, పాలు కొలిచే గాజు గొట్టాన్ని మాత్రం సంచీలో వేసుకొచ్చాడు.

ఆ ఇద్దరూ కాక కొండెక్కే మనిషి సుంకులమ్మ. ఆమెకు ఇంట్లో ఒక బర్రె తప్ప ఎవరూ లేరు. పొద్దున్నే చెంబెడు పాలు పోసి, పై మెట్టు మీద కూర్చుని, ఊరి సంగతులన్నీ చెప్పి దిగుతుంది. వాళ్ళు వింటున్నారో లేదో ఆమె ఎన్నడూ అడగలేదు.

విరూపాక్షి ఆరు పొద్దులు ఆ పాలలో గొట్టం ముంచి చూశాడు. మంచి పాలకు ముప్ఫై రావాలి. నీళ్ళు కలిస్తే అంకె దిగుతుంది. సుంకులమ్మ పాలకు సగటున ఇరవై ఎనిమిదిన్నర వచ్చింది.

బొగ్గుముక్కతో గచ్చు మీద లెక్క వేశాడు.

"స్వామీ, తేలిపోయింది. మీరు నేర్పిన జెడ్-పరీక్ష చేశాను. మంచి పాలైతే సగటు ఇంత దిగడం వెయ్యిలో ఒక్కసారి కూడా జరగదు."

స్వామి జొన్నరొట్టె నములుతున్నాడు. "కొలత రోజుకో తీరుగా ఊగుతుందే, ఆ ఊగిసలాట ఎంత వేశావు?"

"ఒకటి. డెయిరీలో ఎప్పుడూ అంతే."

"డెయిరీలో ఎన్ని బర్రెల పాలు?"

"వందల బర్రెలవి. అన్నీ కలిపి."

"సుంకులమ్మకెన్ని?"

విరూపాక్షి గచ్చు తుడిచాడు. డెయిరీ ఊగిసలాట తీసేసి, సుంకులమ్మ ఆరు కొలతల నుంచే తీసి మళ్ళీ వేశాడు. ఒక్కటే బర్రె కదా, ఒకరోజు ముప్ఫై ఒకటి, ఒకరోజు ఇరవై ఆరు. ఆ ఊగిసలాటతో తూచేసరికి ఇందాకటి కొండంత తేడా కరిగి రెండుకు కాస్త తక్కువగా మిగిలింది. అయినా అతని ముఖం వెలిగింది.

"జెడ్-పరీక్షకు హద్దు ఒకటి పాయింట్ ఆరు నాలుగు. దాటేసింది స్వామీ! ఇప్పుడూ నేరమే. రేపటి నుంచి రావద్దని చెప్పి వస్తాను."

కొండ వద్దన్న పాలను మద్దిలేటి కూడా పోయించుకోడు. ఇన్నాళ్ళూ నీళ్ళపాలని తిడుతూ, ఆ వంకతో ధర తగ్గించి పోయించుకునేది అతనే. అతనూ వద్దంటే సుంకులమ్మ బర్రెను సంతకు తోలడమే. ఆ తర్వాత ఆ ఇంట్లో మాట్లాడేందుకు గోడలుంటాయి.

స్వామి చేతులు కడుక్కున్నాడు. "పద, నేనూ వస్తాను. గొట్టం తీసుకో."

ఎలక్షన్లకు కూడా దిగని మనిషి కొండ దిగాడు. ఊరంతా గడపల్లోకి వచ్చింది, ఏదో పని ఉన్నట్టు. నాకు నిజంగానే పనుంది. సుంకులమ్మ దొడ్డి గోడ పక్కన.

సుంకులమ్మ గంప బోర్లించి స్వామిని కూర్చోమంది. "వస్తారని తెలిస్తే ఇల్లు అలికేదాన్ని సామీ. మనుషులొచ్చి చాన్నాళ్ళయింది" అంది. ఎందుకొచ్చారని అడగలేదు.

బర్రె గుంజకు కట్టి ఉంది. పలుపు ఎంత పొడవో కనబడదు. సగం గడ్డిలో ఉంది.

"విరూపాక్షీ, నీ గొట్టాన్ని బర్రెకు అందనంత దూరంలో పెట్టు. గడ్డి కదిలించవద్దు" అన్నాడు స్వామి.

విరూపాక్షి తెలివైనవాడు. నిలబడి గమనించాడు. బర్రె చొప్ప కోసం ముందుకు సాగింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ సాగింది. అది ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకుని, జానెడు అవతల గొట్టాన్ని పేడకుప్పకు ఆనించి నిలబెట్టాడు.

బర్రె ఈగను విదిలించుకోబోయి ఒక్క ఉరుకు ఉరికింది. గొట్టం పేడలో పడింది.

"అయ్యో నా గొట్టం!" అన్నాడు సర్వం వదిలేసినవాడు.

పగల్లేదు. సుంకులమ్మ దాన్ని తీసి, కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఇది దేనికి నాయనా?"

విరూపాక్షి గొట్టాన్ని ఎండకెత్తి పగుళ్ళు వెతికాడు.

"మళ్ళీ పెట్టు" అన్నాడు స్వామి.

ఈసారి అతను దొడ్డి తలుపు దాకా నడిచి వెళ్ళి పెట్టాడు.

"అంత దూరమా? పలుపంతా కనబడి ఉంటే జానెడు సరిపోయేదిగా."

"అప్పుడు దాని పొడవు తెలిసి ఉండేది స్వామీ. ఇప్పుడు తెలియదు. ఊహించుకున్నదే. అదీ నాలుగైదుసార్లు కదిలితే చూసి..."

అక్కడితో ఆగిపోయాడు. చేతికి ఇంకా అంటుకుని ఉన్న బొగ్గుమసి వైపు చూసుకున్నాడు. స్వామి అప్పటికే గంప మీద నుంచి లేచి బయలుదేరాడు.

ఆ సాయంత్రం విరూపాక్షి గచ్చు మీద లెక్క చెరపలేదు. హద్దు ఒక్కటే చెరిపాడు. చూసింది ఆరే కొలతలు, ఊగిసలాట కూడా వాటిలోంచే ఊహించింది. అప్పుడు చేయవలసింది టి-పరీక్ష. దాని హద్దు ఇంకాస్త అవతల ఉంటుంది, రెండు దాటి. సుంకులమ్మ పాల తేడా దానికి వెంట్రుకవాసి ఇవతలే ఆగింది.

మరునాడు సుంకులమ్మ కొండెక్కేసరికి అతను పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెంబు దించలేదు. నిన్న వాళ్ళు దొడ్డికి ఎందుకొచ్చారన్నది ఊరు ఆమెకు ఈలోగా చెప్పేసింది. మా ఊరికి ఆ మాత్రం బాధ్యత ఉంది.

"ఏం నాయనా, నీళ్ళు కలపలేదని తేలిందా?"

"తేలలేదమ్మా."

"మరి కలిపాననా?"

"అదీ తేలలేదు. ఇంకా చాలా రోజులు కొలవాలి."

గదిలోంచి స్వామి దగ్గు వినిపించింది. సుంకులమ్మ చెంబు దించింది. కొండ కింద ఊరి వైపు కాసేపు చూసింది.

"తేలేదాకా రోజూ రమ్మంటావా?"

"రావాలమ్మా."

"తొందరపడి తేల్చొద్దు నాయనా" అంది.

విరూపాక్షి గొట్టాన్ని సంచీలో పెట్టి, మెట్టు మీద కాస్త పక్కకు జరిగాడు.